సీ పీపుల్‌ని ఆపిన వంశం ఎనభై ఏళ్ళలో ఎలా ఖాళీ అయింది? (ఈజిప్టు ఇరవయ్యో వంశం)

గోదారిగట్టు:

అందరికీ నమస్తే. ఈ మధ్య పాత ఈజిప్టు మీద వీడియోలు వరసపెట్టి చూస్తున్నాను, ఇరవయ్యో వంశం దగ్గరికొచ్చి ఆగిపోయాను. మూడో రామ్సెస్ మామూలు రాజు కాదు కదా. క్రీ.పూ. 1186 ప్రాంతంలో గద్దెనెక్కాడు, లిబియా తెగల్ని రెండుసార్లు తరిమాడు, చుట్టుపక్కల రాజ్యాలన్నీ పేకమేడల్లా పడిపోతున్న రోజుల్లో సముద్రం మీద నుంచి వచ్చిన ఆ గుంపుల్ని (సీ పీపుల్ అంటారే, వాళ్ళని) నైలు ముఖద్వారం దగ్గరే ఆపేశాడు, పైగా మెదినెత్ హాబు అంత గుడి కట్టించాడు. అలాంటివాడు 1155 ప్రాంతంలో పోయాక నాలుగో రామ్సెస్ నుంచి పదకొండో రామ్సెస్ వరకు ఎనిమిది మంది వచ్చారు, ఒక్కరి పేరూ మనకి గుర్తుండదు. 1077 ప్రాంతానికి వంశమే అయిపోయింది. ఉత్తరాన తానిస్‌లో ఒకాయన రాజు, దక్షిణాన థీబ్స్‌లో ఇంకొకాయన పెత్తనం.

వీడియోలన్నీ ఒకటే చెబుతున్నాయి, ఆమున్ దేవుడి గుడి పూజారులు బలిసిపోయి రాజ్యాన్ని మింగేశారని. వినడానికి బాగానే ఉంది కానీ నాకెందుకో సరిపోలేదు. పూజారులు అంతకు ముందూ ఉన్నారు, గుళ్ళకి భూములు అంతకు ముందూ ఉన్నాయి. అప్పుడు మింగనివాళ్ళు ఇప్పుడెలా మింగారు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. పొడుగ్గా రాసినా పర్వాలేదు, చదువుతాను.

ఇంకో చిన్న అనుమానం. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్న మమ్మీ ఈ కాలందేనా?

శాసనాల పిచ్చి:

ముందు చిన్న అనుమానం తీర్చేస్తాను. కాదండీ, హైదరాబాద్ మమ్మీ ఈ వంశం పోయిన కొన్ని వందల ఏళ్ళ తరవాతది.

ఇక పూజారుల సంగతి. వీడియోలవాళ్ళు గాల్లోంచి తీసి చెప్పిన మాట కాదది. మూడో రామ్సెస్ చనిపోయాక అతని కొడుకు నాలుగో రామ్సెస్ ఒక పెద్ద పపైరస్ రాయించాడు, 41 మీటర్ల పొడవు, ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, హ్యారిస్ పపైరస్ అంటారు. అందులో తండ్రి ఏ గుడికి ఏమిచ్చాడో చిట్టా మొత్తం ఉంది. థీబ్స్ ఆమున్ గుళ్ళ కింద చూపించినవి చూడండి: 86,486 మంది మనుషులు, 4,21,362 పశువులు, 433 తోటలు, 83 పడవలు, 65 ఊళ్ళు. భూమి దాదాపు 2,400 చదరపు కిలోమీటర్లు. ఇది ఒక్క ఆమున్ లెక్క, మెంఫిస్, హీలియోపొలిస్ గుళ్ళవి వేరే.

దీనికి తోడు ప్రధాన పూజారి పదవి ఒకే ఇంట్లో ఉండిపోయింది. నాలుగో రామ్సెస్ కాలంలో రామెసెస్‌నఖ్త్ అనే ఆయన ప్రధాన పూజారి. వాళ్ళ నాన్న పన్నుల వసూళ్ళు చూసిన అధికారి. కొడుకుల్లో ఒకడు ఆమున్ భూములకి పెద్ద దివాను, తరవాత ఇంకో ఇద్దరు వరసగా ప్రధాన పూజారులు. అంటే గుడి, పన్నులు, భూముల అజమాయిషీ మూడూ ఒకే కుటుంబం చేతిలో. ఆ కొడుకుల్లో చివరివాడు ఆమెన్‌హోతెప్. తొమ్మిదో రామ్సెస్ పాలనలో పదో ఏట కర్నాక్‌లోని ఆమున్ గుడి గోడ మీద తన బొమ్మని రాజు బొమ్మంత ఎత్తులో చెక్కించుకున్నాడు. ఈజిప్టు బొమ్మల్లో రాజు పక్కన ఎవరున్నా మోకాలి దాకానో నడుము దాకానో ఉండాలి. సమానంగా నిలబడ్డాడంటే చిన్న విషయం కాదు.

కాబట్టి నా ఓటు పూజారులకే.

ఖజానా లెక్కలు:

శాసనాల పిచ్చి గారూ, మీ లెక్కలన్నీ ఒప్పుకుంటాను, వాటి నుంచి మీరు తేల్చినదాన్ని మాత్రం ఒప్పుకోను.

గుడి ఒక పక్క, సర్కారు ఇంకో పక్క, ఇద్దరి మధ్యా పోటీ అని చూస్తే అక్కడే లెక్క తప్పుతుంది. డబ్బు లేని దేశం అది. నాణెం లేదు. జీతమంటే ధాన్యం. ఆ ధాన్యం నిలవ ఉండే గాదెల్లో చాలా భాగం గుళ్ళవే. గుడి పొలాల్లో పండినది గుడి గాదెలోకి వచ్చి, అక్కడి నుంచి రాజు పనివాళ్ళకీ వెళ్ళేది. రాజు గుడికి భూమి రాసిచ్చాడంటే దాన్ని పోగొట్టుకున్నట్టు కాదు, తన ఖజానాలోనే ఒక గదిలోంచి ఇంకో గదిలో పెట్టినట్టు. ఈ ఏర్పాటు నడిచినంత కాలం పూజారి రాజు ఉద్యోగే. కర్నాక్ గోడ మీద ఆ బొమ్మలో కూడా ఆమెన్‌హోతెప్ చేస్తున్నదేమిటి? రాజు నుంచి బహుమానాలు అందుకుంటున్నాడు.

ముందు పాడైంది ఆ గాదె నుంచి పనివాడి ఇంటికి ధాన్యం చేరే దారి. దీనికి చాలా స్పష్టమైన సాక్ష్యం ఉంది, అదీ మూడో రామ్సెస్ బతికుండగానే, ఎనిమిది మంది అనామక రాజులు రాకముందే.

థీబ్స్ పడమటి గట్టున డెయిర్ ఎల్ మదీనా అని ఒక ఊరుంది. రాజుల లోయలో సమాధులు తొలిచి బొమ్మలు వేసే పనివాళ్ళ ఊరు. వాళ్ళకి సొంత పొలాల్లేవు. ఒక్కో పనివాడికి నెలకి నాలుగు ఖార్ల ఎమ్మర్ గోధుమ రొట్టెకి, ఒకటిన్నర ఖార్ల బార్లీ బీరుకి. ఖార్ అంటే దాదాపు 76 లీటర్లు. చేపలు, కూరగాయలు, నూనె, బట్టలు, చివరికి తాగే నీళ్ళు కూడా సర్కారే పంపాలి. మూడో రామ్సెస్ 29వ ఏట ఈ ధాన్యం రావడం ఆగింది. నెలలో పద్దెనిమిది రోజులు గడిచిపోయాయి, ఆకలేస్తోంది అని పనిముట్లు కింద పడేసి, కాపలా గోడలు దాటి బయటికొచ్చి, మూడో థట్మోస్ గుడి వెనక కూర్చున్నారు. చరిత్రలో కాగితం మీద మిగిలిన మొట్టమొదటి సమ్మె ఇదే అంటారు. ఆ కాగితం ఇప్పుడు ట్యూరిన్‌లో ఉంది. మర్నాడు రెండో రామ్సెస్ గుడి దాకా వెళ్ళారు, ఆ తరవాత లోపలికే చొరబడ్డారు. వాళ్ళు చెప్పిన మాట సూటిగా ఉంది. ఆకలీ దాహం మమ్మల్ని ఇక్కడికి తెచ్చాయి, బట్టల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరల్లేవు, ఫారోకి కబురు పెట్టండి, మా పై అధికారి వజీరుకి కబురు పెట్టండి అన్నారు. గొడవకి భయపడి అంతకు ముందు నెల ధాన్యం ఇచ్చారు. మరుసటి నెల మళ్ళీ అదే కథ, మళ్ళీ బయటికొచ్చారు.

గమ్మత్తేమిటంటే ఆ సమయంలో ‘టో’ అనే వజీరు ఆ పక్కకే వచ్చాడు. ఎందుకొచ్చాడు? రాజుగారి ముప్పయ్యేళ్ళ పాలన పండగకి దక్షిణాది దేవుళ్ళ విగ్రహాలు పడవెక్కించుకుని వెళ్ళడానికి. సమ్మె చేస్తున్నవాళ్ళ దగ్గరికి స్వయంగా రాలేదు, మనిషిని పంపి చెప్పించాడు. మీ ధాన్యం నేను తీసుకోలేదు, గాదెల్లోనే ఏమీ లేకపోయినా దొరికింది ఇస్తాను అని. సగం కూలి ఇచ్చాడు. దేశంలో రాజు తరవాత రాజంతటివాడు గాదె ఖాళీగా ఉండొచ్చని ఒప్పుకోవడం, అదే ఏడాది పండగ ఏర్పాట్లు ఆగకపోవడం, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

మరి ధాన్యం ఏమైంది? కొంత పండలేదేమో, తరవాతి రాజుల కాలంలో ధాన్యం ధర ఇతర వస్తువులతో పోలిస్తే చాలా పెరిగింది, ముఖ్యంగా ఏడో రామ్సెస్ నుంచి తొమ్మిదో రామ్సెస్ దాకా. కానీ కొంత దారిలోనే మాయమైంది. దక్షిణాన ఎలిఫంటైన్‌లో ఖ్నూమ్ గుడికి ఉత్తరాది పొలాల నుంచి ఏటా 700 ఖార్ల ధాన్యం పడవలో రావాలి. మూడో రామ్సెస్ 28వ ఏట పాత పడవ సరంగు పోయాడు, ఖ్నూమ్‌నఖ్త్ అనే కొత్తవాడిని పెట్టారు. నాలుగో రామ్సెస్ మొదటి ఏట నుంచి ఐదో రామ్సెస్ దాకా, అంటే ఇద్దరు రాజుల కాలం, వాడు గుడి లేఖకులతోనూ రైతులతోనూ కుమ్మక్కై ఐదు వేల ఖార్లకి పైగా మింగాడని ఫిర్యాదు కాగితం ఉంది. తొమ్మిది పదేళ్ళు ఎవరూ అడగలేదు! గుడికి నష్టం జరిగింది ఇక్కడ, లాభం కాదు. బలిసిన పూజారుల కథలో ఈ కాగితాన్ని ఎక్కడ పెడతారు?

గోదారిగట్టు:

సమ్మె గురించి విన్నాను కానీ వజీరు పండగ పని మీద వచ్చాడన్నది ఇప్పుడే తెలుస్తోంది. థాంక్స్ అండీ. కానీ రాజులు ఏం చేస్తున్నారు మరి? ఎనిమిది మందిలో ఒక్కడికీ ఇది సరిచెయ్యాలనిపించలేదా?

డల్లాస్ చలికాలం:

అనిపించినా టైమ్ ఏదండీ. వరస చూడండి. నాలుగో రామ్సెస్ ఆరేళ్ళు, ఐదో ఆయన నాలుగేళ్ళు, ఆరో ఆయన ఎనిమిదేళ్ళు, ఏడో ఆయన ఏడేళ్ళు, ఎనిమిదో ఆయన ఏడాది అటూ ఇటూ. ఒక్కొక్కరూ వచ్చి సమాధి మొదలుపెట్టేలోపు పోయారు. నాలుగు, ఆరు, ఎనిమిది ముగ్గురూ మూడో రామ్సెస్ కొడుకులే. ఐదో ఆయన మనవడు, నాలుగో ఆయన కొడుకు. ఏడో ఆయన ఆరో ఆయన కొడుకు. అంటే గద్దె అన్న నుంచి అన్న కొడుక్కి, అక్కడి నుంచి బాబాయికి, బాబాయి కొడుక్కి, మళ్ళీ ఇంకో బాబాయికి తిరిగింది. ఇలాంటి ఇంట్లో పొత్తు ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. ఐదో రామ్సెస్ చిన్న వయసులోనే పోయాడు, మమ్మీ ముఖం మీద పొక్కులున్నాయి, మశూచి అయ్యుండొచ్చంటారు. అతన్ని బాబాయి రెండో ఏట దాకా పాతిపెట్టలేదు. సమాధి కూడా బాబాయే తీసుకుని పెద్దది చేసుకున్నాడు.

నాలుగో రామ్సెస్ పాపం ప్రయత్నించాడు. సమాధి పనివాళ్ళని 120 మందికి పెంచాడు. మూడో ఏట వాదీ హమ్మామాత్‌కి రాళ్ళ కోసం 8,368 మందిని పంపాడు, అందులో 900 మంది తిరిగిరాలేదని అక్కడి శాసనమే చెబుతోంది. రెండో రామ్సెస్ 67 ఏళ్ళు ఏలాడు కదా, నాకు దానికి రెట్టింపు ఇవ్వమని అబిదోస్‌లో ఒసిరిస్‌కి మొర పెట్టుకున్నాడు. దక్కింది ఆరేళ్ళు. ఆరో రామ్సెస్ వచ్చాక పనివాళ్ళని మళ్ళీ 60కి దించేశారు.

అసలు పగులు మూడో రామ్సెస్ ఇంట్లోనే మొదలైంది. టియే అనే రాణి తన కొడుకు పెంతవేర్‌ని గద్దె ఎక్కించాలని అంతఃపుర ఉద్యోగులతో కలిసి కుట్ర చేసింది. మైనపు బొమ్మలు, మంత్రాలు, బయట సైన్యంలో ఉన్న బంధువులకి కబుర్లు, అన్నీ విచారణ కాగితాల్లో ఉన్నాయి. విచారణ చెయ్యడానికి పెట్టినవాళ్ళలోనే కొందరు ముద్దాయిలైన ఆడవాళ్ళతో తాగుతూ దొరికారు, వాళ్ళకి ముక్కు చెవులు కోశారు! రాజు చనిపోయాడా బతికాడా అని చాలాకాలం వాదన ఉండేది. 2012లో మమ్మీకి తీసిన సీటీ స్కాన్ ఫలితాలు బయటికొచ్చాయి. గొంతు ఎముక దాకా కోసి ఉంది.

ఇంకొకటి, బయట భూములు. కనాన్ (ఇప్పటి ఇజ్రాయెల్, పాలస్తీనా ప్రాంతం) చేజారింది. మెగిద్దోలో దొరికిన కంచు పీఠం మీద ఉన్నది ఆరో రామ్సెస్ పేరు, ఆ తరవాత అక్కడ ఏ ఫారో ఆనవాలూ లేదు. సినాయిలో టర్కాయిస్ అనే నీలిరంగు రాళ్ళు తవ్వే సెరాబిత్ ఎల్ ఖాదిమ్‌లో కూడా ఆఖరి పేరు ఆయనదే. తిమ్నా రాగి గనుల్లో ఐదో రామ్సెస్‌తో సరి. గెలిచిన యుద్ధాల వల్ల వచ్చే కప్పం ఆగిపోయాక లోపలి నుంచి వచ్చే ధాన్యమే దిక్కు, అది కూడా పడవ సరంగుల పాలైందని పైన చెప్పారు కదా.

శాసనాల పిచ్చి:

సరే, గుడికీ సర్కారుకీ మధ్య గోడ లేదన్న మాట ఒప్పుకుంటాను. కానీ దాని వల్లే ఆమెన్‌హోతెప్ కుటుంబం ఇంకా ప్రమాదం కదా. గాదె తాళం వాళ్ళ దగ్గరే ఉంది.

దొంగతనాల సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను రాస్తాను. తొమ్మిదో రామ్సెస్ 18 ఏళ్ళు ఏలాడు, అందరిలోకీ కాస్త నిలబడినవాడు. అతని 16వ ఏట థీబ్స్‌లో పెద్ద గొడవ. తూర్పు గట్టు మేయర్ పాసెర్, పడమటి గట్టు మేయర్ పవెరా. సమాధులు పడమటి గట్టున ఉన్నాయి కాబట్టి కాపలా బాధ్యత పవెరాది. రాజుల సమాధులు దోచేస్తున్నారని పాసెర్ పైకి ఫిర్యాదు చేశాడు. వజీరు ఖైమ్‌వాసెత్ బృందాన్ని పంపి పది రాజ సమాధులు చూపించాడు. ఒక్కటే దోచినట్టు తేలింది, సోబెకెమ్సాఫ్ అనే పాత రాజుది. మిగతావి భద్రమే అనేసరికి పవెరా మనుషులు నది దాటి వచ్చి పాసెర్ ఇంటి దగ్గర ఊరేగింపు తీశారు. పాసెర్ కోపంతో నేను నేరుగా ఫారోకే రాస్తాను అన్నాడు. అన్నందుకు అతని మీదే విచారణ. మరుసటి ఏడాది తరవాత అతని పేరు కాగితాల్లో కనబడదు. పవెరా మాత్రం ఉద్యోగంలోనే ఉన్నాడు!

ఆ ఒక్క సమాధి దోచినవాడి వాంగ్మూలం చదవాలి. ఆమెన్‌పనుఫెర్, రాళ్ళు చెక్కే పనివాడు. రాజు, రాణి శవాల మీద బంగారం వొలుచుకుని, పెట్టెలు తగలబెట్టి, 160 దెబెన్‌ల బంగారం ఎనిమిది మంది పంచుకున్నారు. దెబెన్ దాదాపు 91 గ్రాములు, అంటే మొత్తం పద్నాలుగున్నర కిలోలు. తరవాత పోలీసులు పట్టుకుంటే తన వాటా 20 దెబెన్‌లు ఆ పేట లేఖకుడికి ఇచ్చి బయటపడ్డాడు. వెనక్కెళితే తోటి దొంగలు తమ వాటాల్లోంచి మళ్ళీ వాటా ఇచ్చారు. ఇదంతా మామూలు విషయంలా చెప్పుకుపోతాడు, మేమే కాదు, ఈ ఊళ్ళో చాలామంది ఇదే పని చేస్తున్నారు అంటాడు.

ఖజానా లెక్కలు:

ఈ దొంగలు ఎవరో చూడండి. రాళ్ళు చెక్కేవాళ్ళు, వడ్రంగులు, పడవవాళ్ళు, చిన్న పూజారులు. అందరూ సర్కారు ధాన్యం మీద బతకాల్సినవాళ్ళే. సమ్మె కాగితంలోనే ఒక పనివాడు ఒట్టు పెట్టుకుంటాడు, ఇవాళ నన్ను ఇక్కడి నుంచి లాగేస్తే సమాధి దోచే ఏర్పాట్లు చేసుకున్నాకే నిద్రపోతాను అని. రాజు పేరు మీద ఒట్టు పెట్టుకున్నందుకు శిక్ష వెయ్యాలన్నారు, ధాన్యం మాట ఎత్తలేదు. పదకొండో రామ్సెస్ కాలం విచారణల్లో ఒకావిడని ఈ వెండి ఎక్కడిదని అడిగితే, హైనాల ఏడాది కరువొచ్చినప్పుడు బార్లీ అమ్మి సంపాదించాను అంది. బార్లీ ఉన్నవాళ్ళ దగ్గరికి వెండి చేరిందన్నమాట, ఎవరి సమాధిలోంచి వచ్చిన వెండైనా.

ఇప్పుడు గోదారిగట్టు గారి అసలు ప్రశ్న, చివర్లో ఎవరు మింగారు. పూజారి పేరు పెట్టుకున్న సైన్యాధికారులు. పదకొండో రామ్సెస్ కాలంలో ఆమెన్‌హోతెప్‌ని పదవిలోంచి తోసేశారు, ఎనిమిది తొమ్మిది నెలలు గందరగోళం. ఎవరు తోసేశారన్నది పండితుల మధ్య తెగని తగువు. ఈజిప్టుకి దక్షిణాన ఉన్న నూబియాలో రాజప్రతినిధిగా ఉన్న పనెహసి తన సైన్యంతో థీబ్స్ వచ్చాడు. వచ్చి ఏ పదవి తీసుకున్నాడనుకున్నారు? గాదెల అధికారి. 12వ ఏట సమాధి లేఖకుడు ధుత్మోస్ స్వయంగా పడవలో ఊరూరూ తిరిగి పనివాళ్ళ కోసం ధాన్యం వసూలు చేసిన లెక్కల కాగితం ఉంది, అందులో పనెహసి పేరు ఉంది. గాదె నుంచి రావాల్సింది లేఖకుడు ఇంటింటికీ తిరిగి తెచ్చుకోవాల్సిన స్థితి.

తరవాత పనెహసి రాజుకే ఎదురు తిరిగాడు, అతని మనుషులు మధ్య ఈజిప్టులో హర్దాయి ఊరిని నాశనం చేశారు, ఆఖరికి మళ్ళీ నూబియాకి తరిమేశారు. నూబియా మాత్రం అతని దగ్గరే ఉండిపోయింది, దాంతో అక్కడి బంగారం కూడా. రాజు 19వ ఏట పునర్జన్మ యుగం అని కొత్త లెక్క మొదలుపెట్టారు. పేరు గొప్ప. అప్పటికి థీబ్స్‌లో పెత్తనం హెరిహోర్, పియాంఖ్ అనే ఇద్దరిది. వాళ్ళలో ఎవరు ముందన్నది కూడా వాదనే. ఇద్దరూ సైన్యాధిపతులు, ఇద్దరికీ ఆమున్ ప్రధాన పూజారి బిరుదు ఉంది. ఆమెన్‌హోతెప్ ఇంటితో వీళ్ళకి సంబంధం ఉన్నట్టు ఆధారం లేదు. శాసనాల పిచ్చి గారు చెప్పిన ఆ పూజారి వంశం కూడా రాజవంశంతో పాటే కొట్టుకుపోయింది. బలం కత్తిది, గుడి బిరుదు దేనికంటే పొలాలూ గాదెలూ ఆ బిరుదు కిందున్నాయి కాబట్టి.

పియాంఖ్ నూబియా యుద్ధంలో ఉండి రాసిన ఉత్తరాలు దొరికాయి. ఒకదానిలో ఎక్కువ మాట్లాడుతున్న ఇద్దరు పోలీసుల్ని రాత్రి గుట్టుగా చంపి నదిలో పడేయించమంటాడు, రాజుకి తెలిస్తే ఏమవుతుందన్న అనుమానానికి జవాబుగా ఫారో ఇంకా ఎవరికి పెద్ద అని రాస్తాడు. రాజు బతికే ఉన్నాడు అప్పటికి. నన్నడిగితే వంశం పోయింది ఆ ఉత్తరం రోజునే, చావు తరవాతి లాంఛనం.

డల్లాస్ చలికాలం:

ఇంకో ఉత్తరం ఉందండీ, మీరు వదిలేశారు. పాత సమాధుల్లో ఒకటి తెరవండి, నేను వచ్చేదాకా ముద్ర అలాగే ఉంచండి అని. యుద్ధం ఖర్చు కోసం సమాధుల బంగారం సర్కారే తీయించిందని దీన్ని బట్టి కొందరంటారు. అదే నిజమైతే దొంగలకి కొరడా దెబ్బలు వేసిన సర్కారు తరవాత అదే పని పద్ధతిగా లేఖకుల్ని పెట్టి చేయించిందన్నమాట. 1881లో డెయిర్ ఎల్ బహ్రీ దగ్గర బయటపడ్డ మమ్మీల గుట్టలో రెండో రామ్సెస్, మొదటి సేతీ, మూడో థట్మోస్ అందరూ ఒకే చోట ఉన్నారు, కొత్త గుడ్డ చుట్టి, ఎవరెవరో సిరాతో రాసి, బంగారం లేకుండా. మూడో థట్మోస్ పెట్టె మీద బంగారు రేకు గీకేసిన గుర్తులున్నాయి. పదకొండో రామ్సెస్ సమాధి సంగతి మరీను. అది పూర్తి కాలేదు, అతన్ని అందులో పెట్టలేదు. తరవాత దాన్ని వర్క్‌షాప్‌గా వాడారు, వేరే రాజుల సామాన్ల మీద బంగారం గీకే పనికి. లోపల దొరికిన ముక్కలు అవే.

శాసనాల పిచ్చి:

పూజారుల మీద నా ఓటు వెనక్కి తీసుకోను కానీ తగ్గిస్తాను :) ఆమెన్‌హోతెప్ ఇంటివాళ్ళు గాదెల మీద అంత పట్టు పెంచకపోతే సైన్యాధిపతులకి ఆ బిరుదు కావాల్సి వచ్చేది కాదు అన్నది మాత్రం నా మాట.

గోదారిగట్టు:

అబ్బ, మంచి చర్చ. ఒకే ఒక్క ప్రశ్న మిగిలింది. ఉత్తరాన తానిస్‌లో స్మెండెస్ రాజయ్యాడు కదా, అతనికి కూడా ఇదే పరిస్థితా?

ఖజానా లెక్కలు:

అతని కాలంది వెనామున్ కథ చదవండి, పపైరస్ మాస్కోలో ఉంది. అది నిజం రిపోర్టా, కల్పనా అని వాదన ఉన్నా అప్పటి పరువు ఏ స్థాయిలో ఉందో తెలుస్తుంది. ఆమున్ పడవకి దేవదారు కలప తెమ్మని థీబ్స్ నుంచి పంపితే దారిలో డోర్ రేవులో తన పడవవాడే వెండీ బంగారం ఎత్తుకుపోయాడు. కలప దొరికే బిబ్లోస్ (ఇప్పటి లెబనాన్ తీరంలో ఉంది) రాజు 29 రోజుల పాటు రోజూ నా రేవులోంచి పో అని కబురు పెట్టాడు. ఆఖరికి పిలిపించి, తాతల నాటి ఖాతా పుస్తకాలు తెప్పించి, మీ ఫారోలు అప్పుడు డబ్బిచ్చే కలప కొన్నారు, నేను మీ నౌకర్ని కాదు అన్నాడు. స్మెండెస్ సరుకు పంపాకే చెట్లు కొట్టించాడు. వెండీ బంగారం పాత్రలు, 500 ఎద్దు తోళ్ళు, 500 తాళ్ళు, 20 బస్తాల కాయధాన్యం. తానిస్ ఊరు కూడా ఎక్కువగా రామ్సెస్‌ల పాత రాజధాని పి-రామ్సెస్ నుంచి మోసుకొచ్చిన రాళ్ళే, ఆ ఊరి పక్క నైలు పాయ పూడిపోయింది కాబట్టి అక్కడ ఎవరూ ఉండలేదు. స్మెండెస్ తరవాత కొద్ది కాలానికి వచ్చిన సుసెన్నెస్ సమాధి 1940లో దొరికింది, వెండి శవపేటిక ఉంది లోపల. దాని చుట్టూ ఉన్న గ్రానైట్ పెట్టె మాత్రం మెర్నెప్తాది, రెండో రామ్సెస్ కొడుకుది, పేరు చెరిపి వాడుకున్నారు. ఒక్క చోట చెరపడం మర్చిపోయారు, అలా తెలిసింది ఎవరిదో.